ఉలవలు ఉడికించింది ఎవరు?

మా అమ్మ దగ్గర ఒక పాత నోట్ పుస్తకం ఉంది. అట్ట ఊడిపోతే దారంతో కుట్టింది. మళ్ళీ ఊడిపోతే ఇక వదిలేసింది. పెళ్ళికి ముందు, అమ్మమ్మ పక్కన కూర్చుని రాసుకున్న వంటలు అందులో సగం. అత్తవారింటికి వచ్చాక తోటికోడళ్ళ దగ్గరా, ఇరుగుపొరుగు దగ్గరా, రైల్లో పరిచయమైన వాళ్ళ దగ్గరా అడిగి రాసుకున్నవి మిగతా సగం. మొత్తం తొంభై మూడు వంటలు. నేను లెక్కపెట్టాను. పరిశోధన చేసేవాళ్ళకి లెక్కపెట్టే జబ్బు ఒకటి ఉంటుంది.

అందులో ఉలవచారు ఇలా మొదలవుతుంది: "ఉలవలు ఉడికిన నీళ్ళు రెండు చెంబులు తీసుకుని..." తర్వాత నిమ్మకాయంత చింతపండు, ఉప్పు, కారం, పసుపు, చిన్న బెల్లం ముక్క, సన్నటి సెగమీద చిక్కబడేదాకా మరగడం, తాలింపు. చివర "మీగడ వేసుకుంటే బాగుంటుంది" అని ఉంది. ఆ వాక్యం కింద గీత కూడా గీసింది.

కొన్నేళ్ళ క్రితం స్త్రీల రచనల మీద జరిగిన ఒక సెమినార్‌లో ఈ నోట్ పుస్తకం గురించి పేపర్ చదివాను. వంటల పుస్తకాన్ని కూడా సాహిత్య పాఠంగా చదవవచ్చుననేది నా వాదన. పేపర్ బాగానే వెళ్ళింది. చప్పట్లు కూడా కొట్టారు. ప్రశ్నల సమయంలో వెనక వరసలోంచి ఒక అధ్యాపకురాలు లేచింది. వరంగల్ వైపు కాలేజీలో తెలుగు చెబుతుంది, దళిత కుటుంబం నుంచి వచ్చిన మనిషి. "మేడమ్, ఉలవలు ఉడికిన నీళ్ళు తీసుకుని అని ఉందన్నారు కదా. ఉడికించింది ఎవరు?" అని అడిగి కూర్చుంది.

నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకి ఆలస్యంగా రాస్తున్న జవాబు. సగం జవాబే అనాలి.

ముందు నేనేం వాదించానో చెప్పాలి. నా తరం అమ్మాయిలు స్త్రీవాద కవిత్వాన్ని పాఠ్యపుస్తకాల్లోనే చదువుకున్నారు. విమల 'వంటిల్లు' కవిత మాకు క్లాసులో చెప్పారు. బాల్యంలో అద్భుతంగా కనిపించిన వంటిల్లు ఆడదాన్ని ఎలా మింగేస్తుందో చెప్పి, చివరికి దాన్ని ధ్వంసం చేద్దాం రమ్మని పిలిచే కవిత అది. నేను ఆ పిలుపుని అక్షరాలా నమ్మాను. పిహెచ్‌డీ పూర్తయ్యేదాకా నాకు పప్పు వండటం రాదు. రాకపోవడం గర్వంగానే ఉండేది. అమ్మకి కూడా గర్వమే. "మా అమ్మాయికి వంట రాదు" అని చుట్టాలందరికీ చెప్పుకునేది. తను పొయ్యి దగ్గర నిలబడిన గంటలన్నీ నా థీసిస్‌లోకి వెళ్ళాయని ఆవిడ లెక్క.

తర్వాత కొన్ని చదివాను. సుసాన్ లియొనార్డి 1989లో అచ్చయిన వ్యాసంలో ఒక మాట గట్టిగా చెబుతుంది. వంట పద్ధతి ఎప్పుడూ ఒంటరిగా ఉండదు. ఎవరో ఎవరికో చెబితేనే అది ఉంటుంది. చెప్పే సందర్భం, చెప్పే మనిషి, ఎందుకు చెబుతోందన్న కారణం తీసేస్తే మిగిలేది దినుసుల జాబితా మాత్రమే. అర్జున్ అప్పాదురై 1988లో భారతీయ వంటల పుస్తకాల మీద రాసిన వ్యాసం మరో దారి చూపించింది. అచ్చు పుస్తకాల కంటే ముందే నగరాల్లో, ఉద్యోగాల బదిలీల్లో, పక్క పక్క ఇళ్ళల్లో వేరే వేరే ప్రాంతాల ఆడవాళ్ళు ఒకరికొకరు వంటలు చెప్పుకున్నారనీ, ఆ ఇచ్చిపుచ్చుకోవడంలోంచే మధ్యతరగతి 'భారతీయ వంట' తయారైందనీ ఆయన అంటాడు. ఈ రెండూ చదివాక అమ్మ నోట్ పుస్తకం మళ్ళీ తెరిచాను.

తెరిస్తే నాకు బాగా నచ్చిన విషయం ఒకటి కనబడింది. ప్రతి వంట పక్కనా ఒక పేరు ఉంది. "పెద్దొదిన చెప్పింది." "గుంటూరు పిన్ని పద్ధతి." "రెండో అంతస్తు లెక్చరర్ గారి భార్య, కడప వాళ్ళు." "ఇది అత్తయ్య గారిది, ఆవిడ ఇంగువ వెయ్యరు, నేను వేస్తాను." ఇంత నిజాయితీగా ఎవరి మాట ఎవరిదో చెప్పే అలవాటు మా విశ్వవిద్యాలయాల్లో చాలామందికి లేదు. ఆడవాళ్ళ జ్ఞానం ఒకరి నుంచి ఒకరికి ఎలా వెళ్ళిందో చూపించే దాఖలా అది. మాలతీ చందూర్‌ని తీసుకోండి. నవలల విషయంలో ఆమెను 'హృదయనేత్రి' రచయిత్రిగా, సాహిత్య అకాడమీ బహుమతి గ్రహీతగా చర్చిస్తాం. ఎన్నో ముద్రణలు పొంది, తెలుగిళ్ళలో కొత్త కోడళ్ళ పెట్టెల్లో చేరిన 'వంటలు-పిండివంటలు' ఊసు మాత్రం నేను చదివిన విమర్శ వ్యాసాల్లో పెద్దగా కనిపించలేదు. ఎక్కువమంది స్త్రీలు చేతిలో పట్టుకుని చదివింది ఆ పుస్తకమే అయినా సరే. ఇదంతా పేపర్‌లో చెప్పాను.

ఇన్ని పేర్లు రాసుకున్న మా అమ్మ పుస్తకంలో, ఉలవచారు మొదటి వాక్యంలో మాత్రం మనిషే లేదు. నీళ్ళు వాటంతటవే ఉడికి, చెంబుల్లోకి వచ్చి కూర్చున్నాయి. "ఉడికిన నీళ్ళు" అని రాసుంది, "ఉడికించిన" అని లేదు. వ్యాకరణం చదువుకున్నదాన్ని. ఒక ప్రత్యయం కింద ఒక మనిషి పూర్తిగా మాయమవుతుందని ఎన్నోసార్లు పిల్లలకి చెప్పినదాన్ని. నా కళ్ళముందే ఉన్నా నేను చూడలేదు.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఐదుగురం ఒకచోట కూర్చున్నాం. ప్రశ్న అడిగినావిడ కూడా వచ్చింది. ఉలవచారుతో మొదలైన మాట నీళ్ళ మీదికి మళ్ళింది. వంట చేసేటప్పుడు ఏదో ఒకటి ఉడికించి, వార్చి, ఆ నీళ్ళని ఇంకో వంటకి పునాదిగా వాడుకోవడం. ఇంగ్లీషు పుస్తకాలు దాన్ని స్టాక్ అనే ఒక్క మాటతో సరిపెట్టేస్తాయి. మనకి ఆ ఒక్క మాట లేదు. కందిపప్పు మీద తేరింది కట్టు. అన్నం వారిస్తే వచ్చేది గంజి. దాన్ని కుండలో పులియబెడితే తరవాణి. బియ్యం కడిగిన రెండో నీళ్ళు కడుగు, దాన్ని పులుసులో పోస్తారు. ఎముకలు మరిగిస్తే తెలంగాణలో బొక్కల షోర్వా. పులావుకి ముందు తీసి పెట్టుకునేది యఖ్నీ. మాటని బట్టి ఊరు తెలుస్తుంది, మతం తెలుస్తుంది, చాలాసార్లు కులం కూడా తెలుస్తుంది.

అనంతపురం నుంచి వచ్చినావిడ ముందు మొదలుపెట్టింది. వాళ్ళింట్లో ఓళిగలు చేసిన రోజే అసలు చారు. పూర్ణానికి పప్పు ఉడికించి వార్చిన నీళ్ళే దానికి ఆధారం. "గ్లాసు పప్పుకి మూడు గ్లాసులు పోస్తే ఏం మిగుల్తుందక్కా, ఐదన్నా పోయల్ల. ఉప్పు ముందే వేయొద్దు. గరిటె పెట్టి మెదపొద్దు. మెదిపితే కట్టు గాదు, పప్పునీళ్ళయితాది." నురగ తీసేయాలట. పప్పు పలుకు విరిగేదాకా మాత్రమే ఉడకాలట. వార్చిన కట్టులో రెండు చెంచాల పూర్ణం కలిపి, కొబ్బరి, ధనియాలు, ఎండుమిరపకాయలు నూరి వేసి, చింతపండు పిసికి మరిగిస్తే ఆ తీపీ పులుపూ కారం మూడూ ఒకదాన్నొకటి తినేయకుండా నిలబడతాయట. తెలంగాణలో భక్ష్యాలు చేసిన రోజు ఇదే చారు. కన్నడ వాళ్ళు ఒబ్బట్టు సారు అంటారు. మరాఠీ వాళ్ళ కటాచీ ఆమటీలో ఆ 'కట' మన కట్టులాగే పప్పు వార్చిన నీళ్ళు. పండక్కి చేసిన తీపి మగవాళ్ళకీ, అతిథులకీ విస్తట్లోకి వెళ్తుంది. చివర్న తినే ఆడవాళ్ళకి మర్నాటిదాకా నిలిచేది చారు. "మర్నాడే రుచి" అని ఆవిడ అంటే అందరం నవ్వాం. మర్నాటి రుచి తెలిసింది మిగిలింది తిన్నవాళ్ళకే కదా.

హైదరాబాద్ పాతబస్తీలో పుట్టి పెరిగిన సహోద్యోగిని, మేమంతా ఆపా అని పిలుస్తాం, యఖ్నీ గురించి చెప్పింది. ఎముకలున్న మాంసం చన్నీళ్ళలోనే వేసి పొయ్యిమీద పెట్టాలి. మరిగే నీళ్ళలో వేస్తే సారం లోపలే ఉండిపోతుంది, పైగా నీళ్ళు మకిలిగా అవుతాయి. నురగ తేలిన కొద్దీ తీస్తూ ఉండాలి. ఉల్లి, అల్లం, వెల్లుల్లి, మసాలా దినుసులు గుడ్డలో మూటగట్టి వెయ్యాలి. తెర్లకూడదు, కదిలీ కదలనట్టు ఉండాలి. పాయాకైతే మేకకాళ్ళు నిప్పులమీద కాల్చి, బొచ్చు గీకి, ఎన్ని నీళ్ళు మార్చి కడుగుతారో! రాత్రి సన్నటి సెగమీద వదిలేస్తే తెల్లారేసరికి వేళ్ళు అంటుకునేంత జిగురొస్తుంది. చల్లారాక గడ్డకట్టిందంటే కుదిరినట్టు. కీళ్ళలోని కొల్లాజెన్ నెమ్మదైన వేడికి జెలటిన్‌గా మారడమే ఆ జిగురు. బాలింతలకీ, ఎముక విరిగినవాళ్ళకీ అందులో సున్నం ఉంటుందని తాగిస్తారు. నిజానికి అందులో కాల్షియం తక్కువే. "తెలుసు. కానీ బాలింతకి ఎవరో కూర్చుని వేడిగా పోసి ఇస్తారు చూడు, అది ఎక్కువే" అంది ఆపా.

నేను పక్కన కూర్చుని రాసుకుంటున్నాను. వాళ్ళ వాక్యాలు అచ్చు పుస్తకాల వాక్యాల్లా లేవు. పాత పుస్తకాల్లో "ఉడికించవలెను, వార్చవలెను" అని ఉంటుంది. కొత్త వాటిలో "ఉడికించాలి". చెప్పేదెవరో తెలియదు, చెయ్యాల్సింది మాత్రం మనమే. ఇక్కడేమో "వద్దు", "అయిపోతాది", "చూడు", "నీకే తెలుస్తుంది" అనే మాటలు. కొలతలు తక్కువ, హెచ్చరికలు ఎక్కువ. ప్రతి హెచ్చరిక వెనకా ఒకసారి పాడైన వంట, దానికి పడిన మాట ఉంటాయి. "మా అత్త కుండ బోర్లించింది" అని అనంతపురం ఆవిడ మామూలుగా చెప్పి ముందుకెళ్ళిపోయింది. కట్టు మెదపకూడదని ఆమె నేర్చుకున్నది ఆ రోజే. ఆడవాళ్ళు వంట చెప్పుకోవడంలో ఆప్యాయత మాత్రమే ఉందని నా పేపర్‌లో రాశాను. భయం కూడా ఉంది. చివరి దినుసు దాచి చెప్పే అత్తలు కూడా ఉన్నారు. కోడలి చారు తన చారంత బాగుండకూడదు కదా.

వరంగల్ ఆవిడ అంతసేపూ వింటూనే ఉంది. నేనే అడిగాను, మీ ఇంట్లో ఎలా అని. ఆవిడ నా చేతిలో కలం వైపు చూసింది.

"నేను చెప్పను మేడమ్. చెప్తే మీరు రాస్తరు."

కోపంగా అనలేదు. నవ్వుతూనే అంది. "మా అమ్మ కుండల నీళ్ళు నేను రాసుకుంట. ఎట్లయినా రాస్త. మీరు ముందు మీ ఉలవలు ఎవరు ఉడికిచ్చిన్రో అడుగున్రి."

సాయంత్రం ఇంటికి వెళ్ళి అమ్మకి ఫోన్ చేశాను.

"దొడ్లో రాళ్ళ పొయ్యిమీద పెద్ద కాగు ఉండేది. ఎద్దులకి ఉలవలు పెట్టేవాళ్ళం కదా. రాత్రి నానబోసి తెల్లవారుఝామునే పొయ్యి రాజేసేవాళ్ళు. మధ్యాహ్నం దాకా ఉడికేవి. ఉలవలు పశువులకి, పైన నీళ్ళు వంటింట్లోకి."

"రాజేసింది ఎవరు?"

"పాలేరు పెళ్ళాం. గొల్లవాళ్ళావిడ."

"పేరేంటి?"

అమ్మ ఆలోచించింది. నాకు వినబడేంతసేపు ఆలోచించింది. "పేరు గుర్తులేదు. ఫలానావాడి పెళ్ళాం అనే పిలిచేవాళ్ళం."

"కట్టెలు?"

"మాదిగపల్లె నుంచి ఒకాయన కొట్టి తెచ్చేవాడు. దొడ్డి గుమ్మం బయట పడేసి వెళ్ళేవాడు. కాగు దగ్గరికి ఎలా రానిస్తారు, ఆ నీళ్ళు వంటింట్లోకి రావాలి కదా."

"ఆవిడకి ఉలవచారు పోసేవాళ్ళా?"

"పోసేవాళ్ళం." కొంచెంసేపాగి, "ఒక్కోసారి" అంది.

ఆ తర్వాత అమ్మకి కష్టం వేసింది. "అందరి పేర్లూ రాస్తే అది వంటవుతుందా, జనాభా లెక్కలవుతుందా? ముప్ఫయ్యేళ్ళు నేను వండాను. నా పేరు ఎవరైనా ఎక్కడైనా రాశారా?" అంది. నిజమే, రాయలేదు. మా నాన్నగారి స్నేహితులు ఇప్పటికీ "మీ ఇంటి ఉలవచారు" అంటారు. ఆ 'మీ' అనే మాటలో అమ్మ ఎక్కడుందో నాకూ తెలియదు.

ఈ ఫోన్ తర్వాత నా పేపర్ ముగింపు నాకు చదవబుద్ధి కాలేదు. అందులో ఇలా రాశాను: కట్టు, గంజి, ఉలవల నీళ్ళు ఇవన్నీ వంటకి రుచినిచ్చి తాము కనబడకుండా పోతాయి, స్త్రీల శ్రమ కూడా అలాంటిదే అని. చప్పట్లు ఆ వాక్యానికే పడ్డాయి. పోలిక తప్పు కాదు. కానీ అందులో 'స్త్రీలు' అన్న మాట మా అమ్మనీ, తెల్లవారుఝామున కాగు కింద పొయ్యి ఊదిన ఆవిడనీ ఒకే కుండలో వేసి మెదిపేసింది. అనంతపురం ఆవిడ చెప్పినట్టు అది కట్టు కాలేదు. అమ్మ శ్రమ కనబడకుండా పోయింది, కానీ ఆమెకి రాసుకోవడానికి ఒక పుస్తకం మిగిలింది. కాగు దగ్గరి ఆవిడ అమ్మ పుస్తకంలోనే కనబడకుండా పోయింది. కట్టెలు కొట్టినాయన భార్య దొడ్డి గుమ్మం దాకా కూడా రాలేదు. ఒకటే అదృశ్యం అనుకుని నేను చెప్పిన దానిలో ఇన్ని అంతరాలున్నాయి.

ఇది కొత్త సంగతి కాదు. తెలుగు స్త్రీవాదాన్ని దళిత స్త్రీలు ఎప్పటి నుంచో అడుగుతున్న ప్రశ్నే. గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' 2003లో వచ్చింది. 2006లో జూపాక సుభద్ర, గోగు శ్యామల కలిసి 'నల్లరేగటిసాల్లు' తెచ్చారు. వంటింటి చాకిరీ ఒక్కటే స్త్రీల చాకిరీ కాదనీ, పరాయివాళ్ళ పొలాల్లో, దొడ్లలో, వీధుల్లో చేసే పని గురించి ఎందుకు రాయరనీ వాళ్ళు నిలదీసి చాలాకాలమైంది. నేను ఆ పుస్తకాలు చదివాను, పరీక్షల్లో వాటిమీద ప్రశ్నలు ఇచ్చాను. మా అమ్మ నోట్ పుస్తకం తెరిచినప్పుడు మాత్రం అవి గుర్తు రాలేదు. చదవడం ఒకటి, మన ఇంటి పుస్తకాన్ని వాటి పక్కన పెట్టడం ఇంకొకటి.

వరంగల్ ఆవిడ చెప్పనన్న సంగతి మీద కూడా చాలా ఆలోచించాను. లియొనార్డి తన వ్యాసంలో ఈ.ఎఫ్. బెన్సన్ నవల ఒకటి ప్రస్తావిస్తుంది. 1931లో వచ్చిన 'మాప్ అండ్ లూసియా'. అందులో లూసియా తన లాబ్‌స్టర్ వంట రహస్యం ఎవరికీ చెప్పదు. ఇచ్చిపుచ్చుకునే మర్యాదని ఆమె ఉల్లంఘించింది కాబట్టే కథలో అంత రభస. అంటే వంట చెప్పకపోవడం ఆడవాళ్ళ సమూహానికి ద్రోహం అన్నట్టు. సెమినార్ భోజనాల దగ్గర నాకు అలా అనిపించలేదు. అందరూ సమానంగా కూర్చున్న చోట దాచుకుంటే అది పిసినారితనం. ఒకరి కుండని పేరు పెట్టి ఏవగించుకున్న చోట, అదే కుండ గురించి ఇప్పుడు ఆసక్తిగా కలం పట్టుకుని అడిగితే, చెప్పకపోవడం ఆమె హక్కు. లూసియా దాచుకున్నది తన ప్రతిష్ఠ కోసం. ఈమె దాచుకున్నది తన మాట తనే చెప్పుకోవడానికి.

అలా చెప్పుకున్నవాళ్ళు ఉన్నారు. పుణె విశ్వవిద్యాలయంలో సావిత్రీబాయి ఫూలే స్త్రీ అధ్యయన కేంద్రం వాళ్ళు షర్మిలా రేగే మార్గదర్శకత్వంలో 2009లో ఒక పుస్తకం తెచ్చారు. ఈ కంచం భారతీయం కాదా అని దాని పేరే అడుగుతుంది. దళితుల జ్ఞాపకాల్లోని తిండి గురించిన పుస్తకం అది. షాహూ పాటోళే మరాఠీలో 'అన్న హే అపూర్ణబ్రహ్మ' 2015లో రాశారు. మరాఠ్వాడాలోని మహర్, మాంగ్ కులాల వంటలు అందులో ఉన్నాయి. అన్నం పరబ్రహ్మం అంటారు కదా, కొందరికి అది ఎప్పుడూ పూర్ణం కాలేదని పేరులోనే చెప్పారు. 2024లో ఇంగ్లీషులోకి వచ్చింది. మన దగ్గర 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో విద్యార్థులు పెద్దకూర పండుగ చేస్తే ఎంత గొడవయిందో గుర్తుండే ఉంటుంది. ఎముకల నీళ్ళు మేకవైతే సూపు, బలం. పెద్దవైతే అది వాసన, గొడవ. నీళ్ళు కాగే పద్ధతి రెండింటికీ ఒకటే. చన్నీళ్ళు, సన్నటి సెగ, నురగ తియ్యడం, ఓపిక.

ఇప్పుడు ఈ నీళ్ళన్నిటికీ మంచి రోజులొచ్చాయి. ఉలవచారు ప్యాకెట్లలో, సీసాల్లో వస్తోంది. హోటళ్ళలో ఉలవచారు బిర్యానీ ఉంది. బోన్ బ్రాత్ అని పేరు మార్చి ఎముకల నీళ్ళని కప్పుల్లో అమ్ముతున్నారు. తరవాణి ఆరోగ్యమని డాక్టర్లు చెబుతున్నారు. గంటల తరబడి కాచిన రుచి గురించి అందరూ గొప్పగా మాట్లాడతారు. ఆ గంటలు ఎవరివి అన్న మాట ఆ గొప్పల్లో ఉండదు. ప్రెషర్ కుక్కర్ వచ్చి కట్టునీ గంజినీ చాలా ఇళ్ళల్లోంచి పంపించేసిందని బాధపడే వ్యాసాలు కూడా చదువుతుంటాను. పప్పుకి సరిపడా నీళ్ళే పోస్తాం, అన్నం వార్చం, నిజమే. కానీ ఉద్యోగాలకి వెళ్ళే ఆడవాళ్ళకి పొద్దున్నే అరగంట మిగిల్చింది కూడా ఆ కుక్కరే. కట్టు పోయిందని నేను ఏడవను. వండాలనిపించినవాళ్ళు, ఆడా మగా, తమ సమయం పెట్టి వండుకోవాలి. పక్కవాళ్ళ సమయం పెట్టించి దాన్ని మన సంప్రదాయం అనడమే నాకు అభ్యంతరం.

ఆ తర్వాత ఒక ఆదివారం నేనే ఉలవచారు చేశాను. అరకిలో ఉలవలు రాత్రి నానబోసి, మర్నాడు కుక్కర్ లేకుండా మామూలు గిన్నెలో పెట్టాను. మొదటి గంట ఏమీ జరగలేదు. నీళ్ళు ఇగిరిన కొద్దీ వేడినీళ్ళు పోస్తూ, అడుగంటకుండా చూస్తూ, పుస్తకం చదువుదామనుకుని ఒక్క పేజీ కూడా చదవలేకపోయాను. రెండో గంటకి పచ్చి వాసన పోయి మట్టి వాసన లాంటిది వచ్చింది. నాలుగో గంటకి నీళ్ళు మంచి ముదురు రంగుకి తిరిగాయి. వార్చి, చింతపండు వేసి, మళ్ళీ గంటన్నర మరిగించాను. గ్యాస్ స్టవ్, కూర్చోడానికి కుర్చీ, ఫ్యాను అన్నీ ఉన్నాయి. అయినా నడుం లాగేసింది. పొగలో, గొంతుక్కూర్చుని, ఐదారు ఎద్దులకి సరిపడా కాగు దగ్గర ప్రతిరోజూ ఇదే పని. ఆవిడ గురించి నాకు తెలిసింది ఆ నడుంనొప్పి ఒక్కటే. అది కూడా ఆవిడది కాదు, నాదే. ఆవిడ గురించి తెలిసిందని ఎక్కడా రాయను.

అమ్మ ఈ మధ్య నా దగ్గరికి వచ్చినప్పుడు నోట్ పుస్తకం తెచ్చింది. నా పేపర్ అచ్చులోకి వెళ్తోందనీ, ముగింపు మార్చాననీ చెప్పాను. ఏం మార్చావని అడిగితే చదివి వినిపించాను. ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున చూస్తే ఉలవచారు పేజీలో, మొదటి వాక్యానికి పైన ఉన్న కొంచెం ఖాళీలో, నీలం ఇంకుతో సన్నగా ఒక లైను ఇరికించి ఉంది. "ఉలవలు ముందురోజు నానబోసి ఐదారు గంటలు కట్టెల పొయ్యిమీద ఉడికించాలి. దొడ్లో ఆవిడ ఉడికించేది. కట్టెలు చాలా పడతాయి."

పేరు ఇంకా లేదు. మా ఊళ్ళో మిగిలినవాళ్ళని అడిగి చూస్తున్నాను.

మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటి పుస్తకాలు ఉండే ఉంటాయి. అమ్మలవీ, అత్తలవీ. పప్పు ఉడికిన నీళ్ళు, కడిగిన చేపలు, దంచిన కారం, విసిరిన పిండి అని మొదలయ్యే వంటలు వాటిలో ఎన్ని ఉన్నాయో ఒకసారి చూడండి.